పరాయి ఊళ్ళో పళ్ళెం: ఇబ్నె బతూతా గ్రంథంలో జియాఫత్

హిజ్రీ 725 (క్రీ.శ. 1325)లో హజ్ సంకల్పంతో టాంజియర్ నుండి ఒంటరిగా బయలుదేరిన ఇరవయ్యొక్కేళ్ళ యువకుడు ట్యూనిస్ చేరేనాటికి జ్వరంతో తూలిపోతున్నాడు. పడిపోకుండా తలపాగా గుడ్డతో తన్ను తాను జీనుకు కట్టుకొని ప్రయాణం చేశాడు. యాత్రికుల బిడారు వచ్చిందని తెలిసి పట్టణవాసులు ఎదురు వచ్చారు. ఎవరికి తెలిసినవారిని వారు పలకరించుకున్నారు, సలాములు చెప్పుకున్నారు. ఈ యువకుడికి సలాం చెప్పినవారు ఒక్కరూ లేరు. దుఃఖం ఆపుకోలేక అతడు అందరిముందూ ఏడ్చేశాడు. హాజీలలో ఒకాయన అది గమనించి, దగ్గరకు వచ్చి సలాం చెప్పి, ఊళ్ళో అడుగుపెట్టేదాకా కబుర్లతో ఊరడిస్తూ వెంట నడిచాడు.

ఆ యువకుడే తరువాత ఇబ్నె బతూతాగా లోకప్రసిద్ధుడయ్యాడు. దాదాపు ముప్పై ఏళ్ళు దేశాలు తిరిగి, చివరకు ఫెజ్ నగరంలో మరీనీ సుల్తాన్ అబూ ఇనాన్ ఆజ్ఞపై తన యాత్రావిశేషాలను చెప్పగా, ఇబ్నె జుజయ్ అనే విద్వాంసుడు వాటిని గ్రంథస్థం చేశాడు. ఆ పని 1355లో ముగిసింది. చరిత్రకారులు ఆ గ్రంథాన్ని రాజుల కోసం, మార్గాల కోసం, ధరల కోసం చదువుతారు. అయితే అందులో అడుగడుగునా కనిపించే విషయం మరొకటి ఉంది: ఏ ఊళ్ళో ఎవరు పిలిచారు, ఏమి పెట్టారు, ఎలా సాగనంపారు.

దీనికంతటికీ ఆయన వాడిన మాట ‘జియాఫత్’. మన ఇళ్ళలో ఈ మాటకు విందు అనే అర్థం. ఇబ్నె బతూతా కాలపు అరబ్బీలో దాని పరిధి ఇంకా పెద్దది. వచ్చినవాడికి పెట్టే అన్నమూ జియాఫతే, ఉండడానికిచ్చే గదీ జియాఫతే, రాజు పంపే బంగారు నాణేల సంచీ జియాఫతే. ఒక్క మాటలో ఇన్ని ఇమిడి ఉండటం వల్ల ఆయనకు కొన్నిచోట్ల చిక్కు వచ్చింది. ఆయనను చదివేవారికి కూడా వస్తుంది.

గ్రంథం గురించి ముందుగా ఒక హెచ్చరిక అవసరం. ఇది చాలామట్టుకు జ్ఞాపకం మీద చెప్పినది. డమాస్కస్, మక్కా వర్ణనలలో ఎంతో భాగం ఆయనకంటే నూటనలభై ఏళ్ళ ముందు యాత్ర చేసిన ఇబ్నె జుబైర్ గ్రంథం నుండి తీసుకున్నదని పరిశోధకులు చూపించారు. కనుక సంభాషణలను అక్షరాలా నమ్మనక్కరలేదు. కాని తాను జబ్బుపడి ఒకరి ఇంట్లో పడుకున్న రాత్రిని ఎవరూ మరొకరి పుస్తకం నుండి ఎత్తిరాయరు.

ఆ రాత్రి డమాస్కస్‌లోది. హిజ్రీ 726 రమజాన్ 9న (1326 ఆగస్టు) ఆయన ఆ నగరం చేరి, షరాబిషియ్యా అనే మాలికీ మద్రసాలో దిగాడు. రమజాన్ రాత్రులలో డమాస్కస్‌లో ఎవరూ ఒంటరిగా ఇఫ్తార్ చేయరని ఆయన ఎంతో మెచ్చుకుంటూ చెప్పాడు. అమీర్లు, ఖాజీలు, పెద్ద వర్తకులు తమ మిత్రులనూ పేదలనూ ఇంటికి పిలుస్తారు. అంత స్తోమత లేనివారు రాత్రికొక ఇంట్లోనో మసీదులోనో చేరి, ఎవరికి ఉన్నది వారు తెచ్చుకొని కలిసి తింటారు. అక్కడి వక్ఫ్‌ల పట్టిక కూడా ఆయన ఇచ్చాడు. హజ్‌కు పోలేనివారి కోసం, పెళ్ళికి స్తోమత లేని ఆడపిల్లల కోసం, బందీల విడుదల కోసం, బాటసారుల తిండి బట్టల కోసం, వారు స్వదేశం చేరడానికయ్యే ఖర్చు కోసం వేర్వేరు వక్ఫ్‌లున్నాయి. ఒకనాడు వీధిలో ఒక బానిస బాలుడి చేతిలోంచి చీనా పింగాణీ పళ్ళెం జారి పగిలిపోయింది. జనం గుమిగూడారు. పగిలిన పాత్రల వక్ఫ్ చూసే అధికారి దగ్గరకు పోదాం పద అని ఎవరో ఆ పెంకులు ఏరించి తీసుకుపోయారు. అంతకు సరిపడా సొమ్ము అక్కడ దొరికింది. యజమాని చేత దెబ్బలు తప్పించడానికి కూడా ఒక ధర్మనిధి!

ఇది వ్యవస్థ. వ్యవస్థ చేయలేని పని ఒకటుంది. మాలికీ ఆచార్యుడు నూరుద్దీన్ సఖావీ తన ఇంట్లో ఇఫ్తార్ చేయమని ఈ యువకుణ్ణి కోరాడు. నాలుగు రాత్రులు వెళ్ళాడు. అంతలో మళ్ళీ జ్వరం తగిలి మానేశాడు. ఆచార్యుడు కబురు పంపాడు. ఒంట్లో బాగాలేదని ఇతడు చెప్పి పంపినా ఆయన ఒప్పుకోలేదు. వెళ్ళక తప్పలేదు, ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. తెల్లవారి వెళ్ళిపోతానంటే, ఈ ఇంటిని నీ ఇల్లే అనుకో, నీ తండ్రి ఇల్లో అన్న ఇల్లో అనుకో అని ఆచార్యుడు ఆపివేశాడు. వైద్యుణ్ణి పిలిపించాడు. వైద్యుడు చెప్పిన మందూ పథ్యమూ అన్నీ ఇంట్లోనే చేయించాడు. పండుగ దాకా ఆ యువకుడు ఆ ఇంట్లోనే ఉండి, ఈద్ నమాజుకు లేచి వెళ్ళగలిగాడు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయింది. అది తెలిసి ఆచార్యుడు ఒంటెలను కిరాయికి కుదిర్చి, దారిబత్తెం కట్టించి, దారిలో ఏదైనా అవసరం పడితే పనికివస్తుందని కొంత రొక్కం కూడా ఇచ్చాడు.

అతిథి మర్యాద మూడు రోజులని, ఆపైన పెట్టేది సదఖా అని, ఇంటివారిని ఇబ్బందిపెట్టేంతవరకు అతిథి ఉండిపోరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసు ఎరిగిన విద్యార్థి లేచిపోబోయాడు. అదే హదీసు ఎరిగిన ఆచార్యుడు తండ్రి అన్నల ప్రస్తావన తెచ్చి, అసలు నీవు అతిథివే కావన్నాడు. ఇల్లు అతనిదే అయితే మూడు రోజుల లెక్క ఎక్కడిది? ఫిఖ్హ్ తెలిసినవాడి దయ అది. ఒక సంగతి మాత్రం గ్రంథంలో లేదు. రెండు వారాల పైగా పథ్యం వండిన చేతులు ఎవరివి? ఆచార్యుడి పేరు ఉంది, వైద్యుడి ప్రస్తావన ఉంది. ఆ ఇంటి ఆడవారి ఊసు లేదు.

ఆ తరువాత అయిదారేళ్ళకు ఆయన అనతోలియాలో, అంటే నేటి తుర్కియాలో, ఉన్నాడు. అక్కడ భాష పూర్తిగా పరాయిది. అంతాల్యా పట్టణంలో ఒక మద్రసాలో దిగిన మరునాడు, పాతబడ్డ బట్టలు, తలపై నమదా టోపీ పెట్టుకున్న ఒక మనిషి వచ్చి అక్కడి షేఖ్‌తో తుర్కీలో ఏదో మాట్లాడాడు. నిన్నూ నీ తోటివారినీ భోజనానికి పిలుస్తున్నాడని షేఖ్ చెప్పాడు. ఇబ్నె బతూతా సరేనన్నాడు కాని, ఆ మనిషి వెళ్ళాక, పాపం పేదవాడు, అతనిపై భారం ఎందుకని సందేహించాడు. షేఖ్ నవ్వాడు. ఆ వచ్చినవాడు తోలుపని చేసుకునే చెప్పుల కార్మికుడు. కాని రకరకాల వృత్తులవాళ్ళు సుమారు 200 మంది అతణ్ణి తమ పెద్దగా ఎన్నుకున్నారు. అతిథుల కోసం ఒక జావియా కట్టుకున్నారు. పగలు సంపాదించింది రాత్రి అక్కడ ఖర్చుపెడతారు.

వీరే ‘అఖీ’లు. పెళ్ళికాని యువకులు, చేతివృత్తులవారు కలిసి ఏర్పరచుకున్న సోదర సంఘాలివి. వీటి మూలం ఫుతువ్వత్ అనే పాత సంప్రదాయంలో ఉంది. అబ్బాసీ ఖలీఫా నాసిర్ (1180–1225) దానికి ఒక క్రమం కల్పించి ప్రోత్సహించాడు. అఖీ అంటే అరబ్బీలో ‘నా సోదరుడు’. కాదు, ఉదారుడు అనే తుర్కీ మాటే ఇలా మారిందని కొందరు పండితులంటారు. రెండూ సరిపోయే మనుషులే వారు. మగ్రిబ్ తరువాత ఆ చెప్పుల కార్మికుడు వచ్చి అతిథులను తీసుకువెళ్ళాడు. లోపల చక్కని రూమీ తివాచీలు, ఇరాఖీ గాజు దీపాలు. నడుముకు బారెడు కత్తులు కట్టుకున్న యువకులు తెల్ల ఉన్ని టోపీలతో వరుసగా నిలబడి ఉన్నారు. భోజనం, మిఠాయిలు, పండ్లు, ఆపైన పాటలు. పొద్దుట పాత బట్టలు చూసి జాలిపడ్డ అతిథి, రాత్రి బాగా పొద్దుపోయాక ఆశ్చర్యంతో బయటికి వచ్చాడు.

ఆ కత్తులు మరోచోట ఇంకా భయపెట్టాయి. దెనిజ్లీ పట్టణంలో బజారు గుండా పోతుండగా దుకాణాల్లోంచి కొందరు దిగివచ్చి గుర్రాల కళ్ళేలు పట్టుకున్నారు. మరికొందరు వచ్చి వారితో తగువు పెట్టుకొని కత్తులు దూశారు. దారిదోపిడీ ముఠా చేతిలో పడ్డామని యాత్రికులు ప్రాణాలపై ఆశ వదులుకున్నారు. చివరకు అరబ్బీ తెలిసిన ఒక హాజీ వచ్చి విషయం చెప్పాడు. ఒక జట్టు అఖీ సినాన్ మనుషులు, రెండోది అఖీ తుమాన్ మనుషులు. అతిథులు ఎవరి ఇంట దిగాలన్నదే తగువు! చీట్లు వేస్తే మొదటి వంతు సినాన్‌కు వచ్చింది. ఆయన స్వయంగా వెంట ఉండి హమ్మాంలో స్నానం చేయించి, భోజనం పెట్టి, ఖుర్ఆన్ పారాయణం చేయించాడు. తరువాత తుమాన్ వంతు వచ్చింది. స్నానమయ్యాక ఆయన పన్నీరు కూడా చల్లించి ఒక మెట్టు పైకెక్కాడు.

గేవె అనే ఊళ్ళో జరిగింది ఇంకా సరదా అయినది. అఖీకి అరబ్బీ రాదు, అతిథులకు తుర్కీ రాదు. అరబ్బీ తెలుసని పేరుపొందిన ఊరి ఫఖీహ్‌ను పిలిపించారు. ఆయన వచ్చి ఫార్సీలో మాట్లాడాడు. వీళ్ళ అరబ్బీ ఆయనకు అర్థం కాలేదు. పరువు దక్కించుకోవడానికి అఖీతో ఫార్సీలో ఒక మాటన్నాడు: వీళ్ళది పాత అరబ్బీ, నాకు వచ్చింది కొత్త అరబ్బీ! అఖీ దాన్ని నిజమని నమ్మాడు. పాత అరబ్బీ అంటే దైవప్రవక్త (స), సహాబాలు మాట్లాడిన భాష కదా అని అతిథులను మరింత గౌరవించాడు. అప్పటికి ఇబ్నె బతూతాకు ఫార్సీ రాదు. ఆ మాటలను అలాగే గుర్తుపెట్టుకున్నాడు. తరువాత ఎప్పుడో ఫార్సీ నేర్చుకున్నాకనే ఆ రాత్రి ఏమి జరిగిందో ఆయనకు తెలిసింది. పరాయి ఇంట తిన్న అన్నం రుచి వెంటనే తెలుస్తుంది. అర్థం తెలియడానికి ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది.

ఇక్కడివరకు ఆయన ప్రతిచోటా ఇంటివారి ముందు చిన్నవాడుగానే కనిపిస్తాడు. 1334లో ఢిల్లీ చేరాక లెక్క మారింది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆస్థానం పరదేశీయులకు కామధేనువు. అక్కడ ఆయనకు అందిన జియాఫత్‌లో వెయ్యి రతల్‌ల పిండి, వెయ్యి రతల్‌ల మాంసం, వాటికి తగినంత చక్కెర, నెయ్యి, పోకచెక్కలు, వెయ్యి తమలపాకులు ఉన్నాయి. ఖాజీ పదవి, ఏటా 12,000 దీనార్ల జీతం వేరే. దానితోపాటు అప్పులూ పెరిగాయి, అది వేరే కథ. 1342లో ఢిల్లీ వదిలి మలబారు తీరం దిగినప్పుడు మరో రకం మర్యాద చూశాడు. అక్కడి హిందువులు ముస్లింలను ఇంట్లోకి రానివ్వరు, తమ పాత్రల్లో తిననివ్వరు. కాని ముస్లింల ఇళ్ళు లేని చోట బాటసారికి వారే వండి, అరటి ఆకులో వడ్డిస్తారు. ఆచారం గడప దాటనివ్వకపోయినా ఆకలి సంగతి మరచిపోలేదన్నమాట. దీనిపై ఆయన వ్యాఖ్యానమేమీ చేయలేదు, చూసింది చూసినట్టు చెప్పి ముందుకు సాగాడు.

ఢిల్లీ వైభవం మరిగిన ఈ మనిషే 1352లో, నలభై ఎనిమిదో ఏట, సహారా దాటి మాలీ రాజ్యానికి వెళ్ళాడు. సిజిల్మాసా నుండి వలాతా చేరడానికి సరిగ్గా రెండు నెలలు పట్టింది. వలాతాలో రాజప్రతినిధి తమతో నేరుగా కాక దుబాసీ ద్వారా మాట్లాడటం ఆయనకు అవమానంగా తోచింది. మాలీ సుల్తాన్ సైతం తన ప్రజలతో దుబాసీ ద్వారానే మాట్లాడతాడని తరువాత ఆయనే వివరంగా వర్ణించాడు. అది అక్కడి మర్యాద. అయినా మొదటి రోజు మనసులో నాటుకున్న ముల్లును ఆయన తీసివేయలేదు.

ఆ మనసుతోనే వలాతాలో మొదటి జియాఫత్‌కు వెళ్ళాడు. అదీ స్నేహితులు బలవంతపెడితే. దంచిన సజ్జల్లో కొంచెం తేనె, పాలు కలిపి సగం కోసిన సొరకాయ బుర్రలో తెచ్చిపెట్టారు. అందరూ తాగి లేచారు. దీనికోసమేనా పిలిచింది అని ఆయన అడిగాడు. వీళ్ళ దగ్గర ఇదే గొప్ప ఆతిథ్యం అని తోటివారు చెప్పారు. ఇక ఈ జనం వల్ల ఏ మేలూ ఉండదని ఆయన తేల్చేసుకున్నాడు. సజ్జ అంబలి తాగి పెరిగిన తెలుగువారికి ఈ తీర్పు కొంచెం వింతగానే ఉంటుంది. సజ్జ పుట్టిల్లు ఆ పశ్చిమాఫ్రికాయే. వేల ఏళ్ళ క్రితం అక్కడినుండే మన నేలకు వచ్చింది. ఎడారి అంచున, నీటిచుక్క వెలగల చోట, తేనెతో పాలతో కలిపిన ధాన్యం తక్కువదేమీ కాదు.

రాజధానిలో ఆయనను నిజంగా ఆదుకున్నవారు అక్కడ కాపురముంటున్న ఇబ్నుల్ ఫఖీహ్ కుటుంబం. ఇబ్నుల్ ఫఖీహ్ తన ఇంటికి ఎదురుగానే అతిథికి ఒక ఇల్లు అద్దెకు కుదిర్చాడు. ఆయన అల్లుడు ఆ పూటే దీపం, భోజనం పట్టుకొని వచ్చాడు. భార్య సుల్తాన్‌కు పినతండ్రి కూతురు. ఆమె తరచూ అన్నమూ మరొకటీ పంపుతూ యోగక్షేమాలు చూసుకునేది. ఊరి ఖాజీ ఒక ఆవును పంపాడు. మరొక ఫఖీహ్ రెండు సంచుల ఫోనియో ధాన్యం, ఒక బుర్రనిండా ఘర్తీ అనే చెట్టుగింజల నూనె పంపాడు. వచ్చిన పదోరోజున ఏదో దుంపతో చేసిన అసీదా తిని ఆరుగురూ జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. ఇబ్నె బతూతా ఫజ్ర్ నమాజులో స్పృహతప్పి పడిపోయాడు. రెండు నెలలు మంచాన ఉన్నాడు. ఆ రెండు నెలలూ ఎవరు చూసుకున్నారో పై వాక్యాలను బట్టి ఊహించుకోవలసిందే. డమాస్కస్ ఆచార్యుడికి ఒక పేజీ ఇచ్చినవాడు ఈ ఇంటి ఇల్లాలికి ఒక్క వాక్యం ఇచ్చాడు, పేరు ఇవ్వలేదు.

ఆయన ఎదురుచూపంతా సుల్తాన్ మన్సా సులైమాన్ పంపబోయే జియాఫత్ మీదనే. ఒకరోజు ఇబ్నుల్ ఫఖీహ్ ఉత్తకాళ్ళతో పరుగెత్తుకొచ్చి, లేవండి, సుల్తాన్ కానుక వచ్చిందన్నాడు. పట్టుబట్టలు, సొమ్ము అనుకొని ఇతడు లేచాడు. చూస్తే మూడు రొట్టెలు, ఘర్తీ నూనెలో వేయించిన మాంసం ముక్క, ఒక బుర్రలో పెరుగు. ఆయన పకపకా నవ్వాడు. ఇంత అల్పమైనదాన్ని గౌరవించే వీరి బుద్ధిహీనతకు ఆశ్చర్యపడ్డానని చెప్పుకున్నాడు. గ్రంథమంతటిలో ఇంతకంటే చిన్నబుచ్చే మాట తక్కువ. ఆ నేల తిండి సజ్జ, వరి, ఫోనియో. అక్కడ మూడు రొట్టెలు పంపారంటే, రొట్టె తినే దేశం నుండి వచ్చినవాడని గుర్తుంచుకొని పంపినట్టే తోస్తుంది. ఉత్తకాళ్ళతో పరుగెత్తినవాడికి దాని విలువ తెలుసు. లేచి నిలబడి నవ్వినవాడికి తెలియలేదు.

తరువాత ఆయన నిండు సభలో సుల్తాన్‌నే నిలదీశాడు. నాలుగు నెలలుగా మీ దేశంలో ఉన్నాను, మీరు జియాఫత్ ఇవ్వలేదు, రేపు ఇతర సుల్తానుల దగ్గర మీ గురించి ఏమని చెప్పమంటారు అన్నాడు. నిన్ను నేనెరుగనని సుల్తాన్ అన్నాడు. ఖాజీ, ఇబ్నుల్ ఫఖీహ్ లేచి, ఆయన మీకు సలాం చెప్పాడు, మీరు భోజనం పంపారు కదా అని గుర్తుచేశారు. వాళ్ళ దృష్టిలో జియాఫత్ ఎప్పుడో అయిపోయింది! దరిమిలా ఆయనకు ఇల్లు, ఖర్చులకు సొమ్ము, రమజాన్ 27న జకాత్ పంపకంలో 33 మిస్ఖాల్‌ల చిల్లర బంగారం, వెళ్ళేటప్పుడు మరో 100 మిస్ఖాల్‌లు దక్కాయి. అయినా మన్సా సులైమాన్ పిసినారి అన్న ముద్ర ఆయన చెరపలేదు. నేటికీ ఎందరో చరిత్రకారులు ఆ ముద్రనే ఎత్తి రాస్తున్నారు. అయితే అదే గ్రంథంలో మాలీలోని న్యాయాన్నీ, దారుల భద్రతనూ, పిల్లలకు ఖుర్ఆన్ కంఠస్థం చేయించే పట్టుదలనూ మనసారా మెచ్చుకున్నాడు. ఆ మాట చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్లవుతుంది.

1353 ఫిబ్రవరిలో రాజధాని విడిచి, తింబక్తూ మీదుగా నైజర్ నదిపై దుంగపడవలో సాగుతూ ఒక ఊరు చేరాడు. ఆ ఊరి పేరు ఆయన మరచిపోయాడు, మనిషి పేరు మరవలేదు. ఫర్బా సులైమాన్ అనే హాజీ అక్కడి అమీర్. నల్లజాతివారిలో అంతటి ఆజానుబాహువును తాను చూడలేదని, అతని విల్లు మరొకరు ఎక్కుపెట్టలేరని చెప్పాడు. అది మీలాద్ రోజు. దారికి కొంత సజ్జ కావాలని పలక మీద అరబ్బీలో రాసి ఇస్తే, పక్కనున్న ఫఖీహ్ చదివి అమీర్‌కు చెప్పాడు. అమీర్ అతిథి చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయాడు. డాళ్ళు, విల్లులు, ఈటెలు నిండిన ఆ గదిలో ఇబ్నుల్ జౌజీ గ్రంథం ‘అల్ ముద్‌హిష్’ ప్రతి కనిపించింది! బాగ్దాద్ విద్వాంసుడి పుస్తకాన్ని నైజర్ ఒడ్డున అతిథి తీసి చదవసాగాడు. సజ్జపిండి కలిపిన పానీయం వచ్చింది, తాగాడు. ఈసారి ఎగతాళి లేదు. పుచ్చకాయ వచ్చింది. అంతలో ఒక చిన్న బాలుడు లోపలికి వచ్చాడు. అమీర్ అతణ్ణి పిలిచి, ఇదే నీ జియాఫత్, పారిపోకుండా చూసుకో అన్నాడు.

అదే మాట, ఒక మనిషికి వర్తించింది. బానిసల విడుదలను గొప్ప పుణ్యంగా నేర్పిన ధర్మాన్ని పాటించే ఇద్దరు హాజీల మధ్య ఆ బాలుడు చేతులు మారాడు. గ్రంథంలో దానికి సంకోచమేమీ లేదు, ఆ కాలానికి అది మామూలు విషయం. చదివేవారికి మాత్రం పుచ్చకాయ పక్కనే ఆ వాక్యం గొంతులో అడ్డం పడుతుంది.

వెళ్ళబోతే, భోజనం వచ్చేదాకా ఉండమన్నాడు అమీర్. లోపలినుండి ఆ ఇంటి దాసి ఒకామె వచ్చి అరబ్బీలో మాట్లాడింది. ఆమె అరబ్బు స్త్రీ, డమాస్కస్‌ది. ఇఫ్తార్‌కు ఎవరినీ ఒంటరిగా వదలని ఆ నగరం నుండి ఆమె ఎలా అక్కడికి చేరిందో, ఏమి మాట్లాడిందో ఆయన చెప్పలేదు. అంతలో ఇంట్లో ఏడుపు వినిపించింది. కనుక్కురమ్మని అమీర్ ఆమెను పంపాడు. ఆమె తిరిగివచ్చి, అమ్మాయి చనిపోయిందని చెప్పింది. అమీర్ కూతురే. ఏడుపు వినడం నాకిష్టం లేదు, నది ఒడ్డున ఉన్న ఇంటికి వెళ్దాం పద అన్నాడాయన. గుర్రం తెప్పించి అతిథిని ఎక్కమన్నాడు. మీరు నడుస్తుంటే నేను ఎక్కనని ఇబ్నె బతూతా అన్నాడు. ఇద్దరూ నడిచే వెళ్ళారు. అక్కడ భోజనం తెచ్చిపెట్టారు, తిన్నారు, సెలవు తీసుకున్నాడు. నల్లవారిలో ఇంతకంటే ఉదారుణ్ణి, ఉత్తముణ్ణి చూడలేదని ఫెజ్‌లో చెప్పి రాయించాడు. ఆ బాలుడు ఇప్పటికీ తన దగ్గరే ఉన్నాడని కూడా ఆ పక్కనే రాయించాడు.